మొక్కలకు కరువు వచ్చిన కథ

బియ్యానికి కరువు మన పెద్దలు చూచినారు. కిరసనాయిలుకు కరువు వచ్చినప్పుడు చిన్నతనములో డబ్బా పట్టుకొని వరుసలో మేమే నిలబడినాము. మొక్కకు కరువేమిటని పాఠకులు నవ్వవచ్చును. కొమ్మ విరిచి గుచ్చితే గన్నేరు బ్రతుకుతుంది. కాకి జారవిడిచిన పండులో నుండి వేప మొలుస్తుంది. ఎవరు పిలువకుండానే గోడ పగులులో రావి లేస్తుంది. అట్టి వస్తువు డబ్బిచ్చినా దొరకలేదంటే నమ్మశక్యము కాదు. కాని 2021వ సంవత్సరపు వసంతములో ఇంగ్లండులోను, అమెరికాలోను జరిగినది అదే. ఆ దేశములలో గార్డెన్ సెంటర్లు అనే పెద్ద అంగళ్లు ఉన్నవి. మొక్క, విత్తనము, కుండీ, మట్టి సంచి, పార, నీళ్ల గొట్టము, తోటలో వేసుకొనే కుర్చీ అన్నియు అక్కడ ఒకే కప్పు క్రింద అమ్ముతారు. ఆ వసంతములో ఒక చోట కుండీలు లేవు, ఒక చోట మట్టి లేదు, ఒక చోట అడిగిన చెట్టు లేదు. తోటలో ముచ్చటకు నిలబెట్టుకొనే ఎర్రటోపీ మరుగుజ్జు బొమ్మలు సైతము కరువైనవని ఇంగ్లండు పత్రికలు వ్రాసినవి.

ఈ సంగతికి ఖుర్దారోడ్డు తెలుగువారి ఉగాది సంచికలో చోటెందుకని అడుగవచ్చును. మేము రైల్వేలో సరుకుల లెక్కలు వ్రాసుకొనే గుమాస్తాలము. ఒక స్టేషనులో సరుకు లేదంటే దానికి కారణము ఆ స్టేషనులో ఉండదని, వేరొక చోట, వేరొక తేదీన ఉంటుందని మాకు ఉద్యోగమే నేర్పినది. అది ఒక కారణము. రెండవది, ఆ ఇంగ్లండు కరువుకు ఒక కొస మన కోస్తా కొబ్బరితోటలలో ఉన్నది. మరియొక కొస మన జట్నీ వీధులలోనే ఉన్నది. అది ముందు ముందు తేలుతుంది.

మొదట ఈ సరుకు స్వభావము చెప్పుకొనవలెను. బొగ్గు యార్డులో ఆరు నెలలు పడియున్నా బొగ్గే. గోధుమ గిడ్డంగిలో పెడితే ఏడాది ఆగుతుంది. మొక్క అట్టిది కాదు. ఆగుమంటే ఆగదు, త్వరపడుమంటే త్వరపడదు. సంచిలో పెంచిన మొక్క సకాలములో అమ్ముడు పోకపోతే వేళ్లు సంచిలో చుట్టలు చుట్టుకొని, అడుగు చీల్చుకొని నేలలోనికి దిగుతవి. లాగితే తెగుతవి. తెగకుండ కాపాడవలెనంటే పెద్ద సంచిలోనికి మార్చవలె. అనగా మరల మట్టి, మరల కూలి, మరల చోటు. అమ్ముడు కాని మొక్కకు దినదినము డెమరేజి పడుతున్నట్లే లెక్క. పోనీ కావలసినప్పుడు తొందరగా తయారు చేయుదమా అంటే, నిలువెత్తు చెట్టు ఈ రోజు కావలెనంటే రెండు మూడేండ్ల క్రిందట ఎవరో గింజ వేసి ఉండవలెను. ఆ వేయు రోజున కొనేవాడెవడో వానికి తెలియదు.

పూర్వకాలములో మొక్క దూరదేశము పోవడమే గండముగా ఉండెడిది. ఓడ మీద ఉప్పుగాలి, ఎండ, ఎలుకలు, అన్నిటికి మించి మంచినీటి కొరత. 1789లో బౌంటీ అనే ఇంగ్లీషు ఓడలో నావికులు తిరగబడి కెప్టెను బ్లైను చిన్న పడవలోనికి దింపివేసిన కథ చాలమంది విన్నదే. ఆ ఓడ తహితి దీవి నుండి వెయ్యికి పైగా సీమపనస మొక్కలను వెస్టిండీసుకు మోసుకొని పోతున్నది. తిరగబడినవారు మొట్టమొదట చేసిన పనులలో ఒకటి ఆ మొక్కలను సముద్రములో పారవేయడము. ఇంచుమించు అదే కాలమున మన సామర్లకోటలో విలియం రాక్స్‌బరో అనే కుంపిణీ వైద్యుడు తోట వేసి మిరియము, కాఫీ, దాల్చిన వంటివి పెంచి చూచుచుండెను. ఆయన 1793లో కలకత్తా కుంపిణీ తోటకు అధికారిగా పోయినాడు. మన కోరమండలు మొక్కలకు తెలుగు పేర్లతో సహా ఆయన వ్రాసిన గ్రంథము 1795 నుండి లండనులో వెలువడినది. బొమ్మలు, పేర్లు, ఎండుటాకులు సముద్రము దాటి క్షేమముగా పోయినవి. ప్రాణముతో మొక్క పోవడమే కష్టము.

ఆ కష్టము తీర్చినవాడు తోటమాలి కాడు, పండితుడు కాడు; లండను తూర్పు పేటలో రోగులను చూచుకొనే నథానియేల్ బాగ్‌షా వార్డు అనే వైద్యుడు. ఆ పేటలో బొగ్గు పొగకు ఆయన పెంచిన మొక్కలన్నియు చచ్చుచుండెడివి. 1829లో ఒక పురుగు గూడు నుండి రెక్కల పురుగు ఎట్లు వెలువడునో చూడవలెనని తడిమట్టిలో దానిని పెట్టి ఒక గాజుసీసాలో మూసి ఉంచినాడు. రెక్కల పురుగు సంగతి అటుంచి, ఆ మట్టిలో నుండి ఒక గడ్డిపరక, ఒక చిన్న ఫెర్ను మొక్క లేచినవి. సీసా లోపలి తేమ పగలు ఆవిరియై గాజుకు పట్టి, రాత్రి నీరై మరల మట్టిలోనికి దిగుచుండెను. ఎవరును నీరు పోయకుండానే అవి ఏండ్ల తరబడి బ్రతికినవి. వార్డు దీని తత్త్వము గ్రహించి గాజుపలకలతో పెట్టెలు చేయించి, 1833లో రెండు పెట్టెలు మొక్కలతో నింపి ఆస్ట్రేలియాలోని సిడ్నీకి పంపినాడు. నెలల ప్రయాణము తరువాత మొక్కలు పచ్చగా దిగినవి. తిరుగు ప్రయాణములో ఆస్ట్రేలియా మొక్కలు మంచు పడే కేప్ హార్ను చుట్టి వచ్చి లండనులో పచ్చగానే దిగినవి. అంతకు ముందు ఇరువది మొక్కలు తెప్పిస్తే పంతొమ్మిది చచ్చెడివని, ఈ పెట్టెలు వచ్చిన తరువాత ఇరువదింట పంతొమ్మిది బ్రతుకుచున్నవని లండనులో పెద్ద మొక్కల వర్తకుడు లోడిజెస్ లెక్క చెప్పినాడు. మా వృత్తివారికి ఇంతకంటె రుచించే లెక్క ఉండదు.

ఆ గాజుపెట్టెలోనే చైనా తేయాకు మొక్కలు హిమాలయాలకు వచ్చినవి. ఆ పెట్టెలోనే మలేరియా జ్వరానికి మందైన సింకోనా దక్షిణ అమెరికా నుండి ఊటీకి వచ్చినది. ఐతే పెట్టె ఉన్నంత మాత్రాన పని కాదని కూడ ఆ సింకోనాయే చూపినది. 1860లో క్లెమెంట్సు మార్కహాం కష్టపడి సేకరించిన మొక్కలను పెరూ తీరము నుండి నేరుగా మద్రాసుకు తేక, పనామా మీదుగా ఇంగ్లండుకు, అక్కడి నుండి ఈజిప్టు, ఎర్రసముద్రము, బొంబాయి మీదుగా త్రిప్పి తెచ్చినారు. ఎర్రసముద్రపు వేడికి, దారిలో జరిగిన ఆలస్యాలకు ఆయన స్వయముగా తెచ్చిన మొక్కలు నిలువలేదు. మరుసటి ఏడు వేరొకరు ఈక్వడారు నుండి పంపిన ఎర్రబెరడు సింకోనాయే నీలగిరులలో నాటుకొన్నది. మొక్క మంచిదే, పెట్టె మంచిదే, ట్రాన్‌షిప్‌మెంటు చెడగొట్టినది. పార్సిలు ఆఫీసులో పనిచేసినవారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు.

గాజుపెట్టెతో వచ్చిన చిక్కు మరియొకటి. మొక్కతో పాటు మట్టి, మట్టితో పాటు పురుగు, బూజు, తెగులు కూడ సుఖముగా ప్రయాణము చేసినవి. జపాను నుండి వచ్చిన చెస్టునట్ మొక్కలతో దిగిన బూజు తెగులు 1904లో న్యూయార్కులో కనబడినది. కొన్ని దశాబ్దాలలో అమెరికా తూర్పు అడవులలోని చెస్టునట్ చెట్లు కోట్లకొలది నాశనమైనవి. దానితోను, అట్టి ఇతర అనుభవాలతోను దేశాలు తలుపులు బిగించినవి. అమెరికాలో 1912లో, మన దేశములో 1914లో దీనికి చట్టములు వచ్చినవి. నేడు మన దేశానికి బయటి మొక్క రావలెనంటే 2003వ సంవత్సరపు ఉత్తరువు ప్రకారము అనుమతి పత్రము, ఆరోగ్య ధ్రువపత్రము కావలెను. గుమాస్తాల కాగితాలను చూచి జనము విసుగుకొంటారు గాని, ఈ కాగితము వెనుక ఒక అడవి చచ్చి ఉన్నది.

ఇక అంగడి సంగతికి వత్తము. రెండవ ప్రపంచ యుద్ధానికి పూర్వము ఇంగ్లండులో చెట్టు కొనవలెనంటే శరదృతువులో నర్సరీకి జాబు వ్రాసి ఆర్డరు పెట్టెడివారు. శీతకాలములో చెట్టు ఆకు రాల్చి నిద్రించే వేళ దానిని పెల్లగించి, మట్టి దులిపి, వేళ్లకు గడ్డి చుట్టి, కట్టగట్టి రైలు పార్సిలులో పంపెడివారు. కొనేవాడు ముందుగా చెప్పెడివాడు, అమ్మేవాడు సిద్ధము చేసెడివాడు. ఎదురుచూపు ఇద్దరికి సగము సగము. యుద్ధము తరువాత ఇది మారినది. కాలిఫోర్నియాలో వాడి పారవేసిన తగరపు డబ్బాలలో మొక్కలు పెంచి ఏడాది పొడుగునా అమ్మడము మొదలైనది. తరువాత ప్లాస్టికు కుండీలు వచ్చినవి. 1950లు, 60లలో మోటారు కార్లు పెరిగి, ఆదివారము నాడు కుటుంబముతో వచ్చి పూసియున్న మొక్కను కళ్లతో చూచి ఎత్తుకొని పోయే గార్డెన్ సెంటర్లు వెలసినవి. అంగడి చక్కనిదే, కాని ఎదురుచూపు మొత్తము పెంచేవాని నెత్తిన పడినది. కొనేవాడు ఇండెంటు ఇవ్వడు. ఎన్ని మొక్కలు, ఏ రంగు, ఎంత ఎత్తు అనేది పెంచేవాడు రెండేండ్ల ముందుగా ఊహించవలె. ఊహ ఎక్కువైతే చెత్తకుప్ప, తక్కువైతే కరువు. మా అభిప్రాయములో మొక్కల కరువుకు పునాది పడినది ఇక్కడనే. తరువాత వచ్చినవన్నియు ఆ పునాది మీద లేచిన గోడలు.

కుండీలో పెంచడానికి మట్టి కావలె. పొలము మట్టి కుండీలో పోస్తే గట్టిపడి నీరు దిగదు. 1930లలో లండను దగ్గర మెర్టనులోని జాన్ ఇన్నెస్ సంస్థలో లారెన్సు, న్యూయెల్ అనే ఇద్దరు పరిశోధన చేసి ఒక పాకము కట్టినారు: ఏడు పాళ్లు గరపమట్టి, మూడు పాళ్లు పీటు, రెండు పాళ్లు ఇసుక. గరపమట్టి అంటే పచ్చికతో సహా నేలను చెక్కి, దొంతరలు పేర్చి, నెలల తరబడి మాగబెట్టి, ఆవిరి పట్టినది. ఈ పాకము దేశమంతట వ్యాపించినది. కాని మంచి పచ్చిక నేలను ఎందరు ఎన్నాళ్లు చెక్కుకొని పోగలరు? గరపమట్టి ప్రియమైనది, ఒక బండి మట్టి మరియొక బండితో పోలక పోయినది. 1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు పీటు, ఇసుకలతోనే సరిపెట్టే పద్ధతి ప్రకటించినారు. 1960లలో అమెరికాలోను, ఇంగ్లండులోను మట్టి లేని ‘మట్టి’ సంచులలో అమ్మకానికి వచ్చినది. తేలిక; కడుగనక్కరలేదు; ఎక్కడ కొన్నా ఒకటే తీరు.

పీటు అంటే చలిదేశపు చిత్తడి నేలలలో నాచు కుళ్లీ కుళ్లక వేల సంవత్సరాలుగా పేరుకొన్న నల్లని పదార్థము. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మీటరు లోతు త్రవ్వితే వెయ్యేండ్లు త్రవ్వినట్లు. త్రవ్వినచోట భూమిలో బందీయైన బొగ్గుపులుసు వాయువు ఆకాశానికి పోతుందని తెలిసిన తరువాత త్రవ్వకముపై ఆక్షేపణలు లేచినవి. ఇంగ్లండు ప్రభుత్వము 2011లో ఇంటితోటల వాడకములో పీటును 2020 నాటికి మానిపించవలెనని గడువు పెట్టుకొన్నది; ఆ గడువు దాటిపోయినది. 2022లో చిల్లర అమ్మకాన్ని చట్టముతో నిషేధిస్తామని ప్రకటించినది. ఐర్లండులో 2019లో న్యాయస్థానము తీర్పుతో పెద్ద త్రవ్వకాలు ఆగినవి. 2021 జనవరిలో అక్కడి సర్కారు సంస్థ బోర్డ్ నా మోనా పీటు త్రవ్వడము పూర్తిగా మానినట్లు ప్రకటించినది. ఆ సెప్టెంబరులోనే లాట్వియా నుండి 3,600 టన్నుల పీటు ఓడలో ఐర్లండు రేవుకు దిగినది. గోదావరి ఒడ్డున కాపురముండి నీళ్లు కొనుక్కొన్నట్లున్నది. పైగా ఆ ఓడ పొగ లెక్క ఎవరి ఖాతాలో వ్రాసినారో!

ఇట్లు మట్టి వైపు ఇరుకు పడుచుండగా చెట్ల వైపు వేరొక దెబ్బ తగిలినది. 2008లో అమెరికాలో ఇళ్ల వ్యాపారము కూలినది. క్రొత్త ఇల్లు కట్టనప్పుడు ముందర చెట్టు నాటేవారెవరు? నర్సరీలవారు పెరిగిన చెట్లను అమ్ముకోలేక తగులబెట్టినారు, దున్నించినారు. చాలమంది వ్యాపారమే మూసినారు. మిగిలినవారు క్రొత్త పిల్లమొక్కలు వేయడము తగ్గించినారు. ఆ రోజున ఎవరికిని కరువు కనబడలేదు, ఎక్కువే కనబడినది. క్రిస్మసు పండుగకు వాడే ఫర్ చెట్టు ఎదగడానికి ఎనిమిది, పదేండ్లు పడుతుంది. 2008 ప్రాంతములో వేయని చెట్లు 2016, 2017 పండుగలకు లేకపోయినవి. ధర పెరిగినది, అంగళ్లు ముందుగానే ఖాళీ యైనవి. పండుగకు వచ్చి చెట్టు లేదని కోపగించుకొన్న పెద్దమనిషికి ఆ అంగడివాడు ఏమి చెప్పగలడు? తొమ్మిదేండ్ల నాటి బ్యాంకు దివాళాలు ఈ రోజు నా కొట్టులో కనబడుచున్నవి అని చెప్పవలె.

తరువాత 2020. ఇంగ్లండులో మార్చి 23వ తేదీ రాత్రి దేశమంతట ఇళ్లలో ఉండవలెనని ఉత్తరువైనది. గార్డెన్ సెంటర్లు మూతపడినవి. వారికి ఏడాది సంపాదన అంతయు మార్చి నుండి జూను వరకే. పూయడానికి సిద్ధమైన లక్షల మొక్కలు గాజు ఇళ్లలో నిలిచిపోయినవి. సుమారు 20 కోట్ల పౌనుల విలువగల మొక్కలు పారవేయవలసి వస్తుందని అక్కడి తోటవ్యాపారుల సంఘము అంచనా వేసినది. హాలండులో పూలవేలము జరిగే చోట పూలను బండ్లకొలది తెచ్చి నలిపివేసినారు. కాని ఇంటిలో కూర్చున్న జనము ఊరకుండలేదు. అమెరికాలో 1876లో స్థాపించిన బర్పీ విత్తనాల కంపెనీ తన చరిత్రలో ఏ నెలలోను అమ్మనన్ని విత్తనాలు 2020 మార్చిలో అమ్మినది. తట్టుకోలేక ఏప్రిలులో కొన్నాళ్లు ఆర్డర్లు తీసుకోవడమే ఆపినది. మే 13న ఇంగ్లండులో అంగళ్లు తెరిచినారు. ఒక్క సంవత్సరములో సుమారు 30 లక్షలమంది క్రొత్తగా తోటపనికి దిగినారని అదే సంఘము లెక్క వేసినది. మార్చిలో మొక్కలను పారవేసినవాడే జూనులో మొక్కలు లేవని చేతులెత్తినాడు. ఒకే నర్సరీలో, ఒకే ఏడు, మూడు నెలల వ్యవధిలో ఈ రెండును జరిగినవంటే పైన చెప్పిన ‘ఆగదు, త్వరపడదు’ అనే మాట మేము ఊరక అనలేదని పాఠకులు గ్రహిస్తారు.

2021 వచ్చేసరికి అన్నియు కలిసినవి. జనవరి 1 నుండి ఇంగ్లండుకు ఐరోపా మొక్క రావలెనంటే ఆరోగ్య ధ్రువపత్రము తప్పనిసరి యైనది. నిన్నటివరకు హాలండు నుండి పక్క ఊరి బండివలె వచ్చిన లారీలు కాగితాల కోసము ఆగినవి. మార్చి 23న ఎవర్ గివెన్ అనే కంటెయినరు ఓడ సూయజు కాలువలో అడ్డము తిరిగి 29 వరకు దారి మూసినది. మరుగుజ్జు బొమ్మలు, కుర్చీలు అక్కడ చిక్కుకొన్నవి. ఆరు దినాల బ్లాకు ఎన్ని దినాల ఆలస్యమవుతుందో మా కంట్రోలు ఆఫీసువారిని అడిగితే చెబుతారు.

ఇక మన కొబ్బరి. పీటుకు బదులు ఏమి వాడవలెనని వెదకినవారికి కనబడినది కొబ్బరి పొట్టు. డొక్క నుండి పీచు తీసినప్పుడు రాలే గోధుమరంగు పొడి అది. పందొమ్మిదవ శతాబ్దములోనే ఇంగ్లండు తోటలవారు దీనిని కొన్నాళ్లు వాడి, తరువాత మరచినారు. మన దగ్గర మాత్రము చాలకాలము పీచు మిల్లుల ప్రక్కన గుట్టలుగా పడి, వానకు నాని, ఎండకు ఎగిరి, పనికిరాని చెత్తగానే ఉండెడిది. ఇప్పుడు పొల్లాచి వైపు, కర్ణాటకలో, మన కోనసీమలో దానిని కడిగి ఉప్పు తీసి, కళ్లములలో ఆరబెట్టి, యంత్రముతో అయిదేసి కిలోల ఇటుకలుగా అదిమి ఓడకు ఎక్కిస్తున్నారు. ఆ ఇటుక నీళ్లు పోస్తే ఉబ్బి సుమారు 70 లీటర్ల పొట్టు అవుతుంది. 2020-21లో మన దేశపు కొబ్బరిపీచు సరుకుల ఎగుమతి 3,778 కోట్ల రూపాయలకు చేరినది; అందులో పెద్ద వాటా ఈ పొట్టుదే. ఐతే దీనికిని గండాలు ఉన్నవి. వాన పడితే కళ్లములో పొట్టు ఆరదు. 2021లో కంటెయినర్లు దొరకక, ఓడ కిరాయిలు పొట్టు ధరను మించిపోయే స్థితి వచ్చినది. అన్నిటికంటె పెద్ద గండము తుపాను. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపానులోను, 2018 నవంబరు 16న తంజావూరు, పుదుక్కోట ప్రాంతాలను కొట్టిన గజ తుపానులోను కొబ్బరిచెట్లు లెక్కలేనన్ని కూలినవి. నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేండ్లు. కనుక ఇంగ్లండులో ఒక ముసలమ్మ కుండీలో బంతిమొక్క పెట్టుకొనడము యానాము ఎదుటి లంకలో గాలి వీచే తీరు మీద కూడ ఆధారపడియున్నది.

తుపాను మాట వచ్చినది గనుక మన ఊరి సంగతి చెప్పక తప్పదు. వికారినామ సంవత్సరములో, 2019 మే 3వ తేదీ ఉదయము ఫనీ తుపాను పూరీ దగ్గర తీరము దాటినది. పూరీ, ఖుర్దా, కటకము జిల్లాలలో చెట్లు లక్షలలో పడినవి. మన రైల్వే కాలనీలో పెద్దలు నాటిన వేపలు, నిద్రగన్నేర్లు ఒక పూటలో నేలకు ఒరిగినవి. వేపచెట్లు పచ్చికాయలతోనే విరిగినందున ఆ జూనులో ఏరుకొనడానికి వేపపండ్లు కూడ లేవు. వేపగింజ నిలువ ఉండదు. కొన్ని వారాలలో వేయకపోతే మొలకశక్తి పోతుంది. చెట్టును కొట్టిన గాలే విత్తనమును కూడ కొట్టినది. చుట్టుప్రక్కల నర్సరీలకు జనము ఒక్కుమ్మడి పరుగెత్తినారు. జానెడు మొక్కలు దొరికినవి గాని, ఆవులకు, మేకలకు అందని ఎత్తు మొక్కలు ఏ చోటను లేవు.

మా సంఘము తరఫున ముగ్గురము కడియము పోయినాము. కడియము మన హౌరా–మద్రాసు మార్గములోనే, రాజమహేంద్రవరానికి ఇవతల ఉన్న స్టేషను. అక్కడ కడియపులంక, బుర్రిలంక, వీరవరము, జేగురుపాడు, వేమగిరి ఊళ్లలో పొలాలన్నియు నర్సరీలే. గోదావరి ఒండ్రుమట్టి, కాలువ నీరు, అంటు కట్టడములో చేయి తిరిగిన కూలీలు, ప్రక్కనే పెద్ద రస్తా. ఈ నాలుగును ఒకచోట కూడినందున అది అంతటి మొక్కల సంత అయినది. ఎటు చూచినా పచ్చగానే ఉన్నది. అయినను మేము అడిగినది లేదు. అక్కడి పెద్దాయన ఒకరు నవ్వి, “ఆరడుగుల వేప ఇప్పటికిప్పుడు ఎక్కణ్ణించి తెమ్మంటారండీ? రెండేళ్ల కిందట చెప్పుంటే పెంచుదుమండీ” అన్నారు. రెండేండ్ల క్రిందట మాకు ఫనీ అనే పేరు తెలియదు. ఉన్నవన్నియు రస్తాల పక్కన నాటే కంట్రాక్టులవారు, ఇళ్లప్లాట్లవారు ముందుగా చెప్పుకొన్నవట. తిరిగి రాక అక్కడనే ఇండెంటు వ్రాసి, కొంత సొమ్ము బయానా కట్టి వచ్చినాము.

ఆ మొక్కలు సంచులలో మోకాలెత్తు వచ్చేసరికి శార్వరి ఉగాది వచ్చినది. 2020 మార్చి 25. దేశమంతట లాక్‌డౌను మొదలైన రోజే ఆ ఉగాది. 22వ తేదీ నుండే ప్రయాణీకుల బండ్లు ఆగిపోయినవి. మందులకు, ఆహారపదార్థాలకు పార్సిలు స్పెషళ్లు నడిపినాము. వేపమొక్క వాటిలోనికి రాదు. కడియములో లారీలు కదలలేదు, సంచులు మార్చడానికి కూలీలు రాలేదు, నీరు పెట్టడమే గగనమైనది. అక్కడివారు కళ్ల ఎదుట మొక్కలను పోగొట్టుకొన్నారు. మా వేపలలో చాలవాటి వేళ్లు సంచి చీల్చుకొని నేలలోనికి దిగినవని కబురు వచ్చినది. వాటిని ఒక్కసారి లాగక, ఒక వైపు వేరు కోసి, కొన్ని వారాలు ఆగి, రెండవ వైపు కోసి, పెద్ద సంచులలోనికి ఎక్కించినారు. అందుకు కొంత అదనపు సొమ్ము అడిగినారు. న్యాయమైనదే గనుక ఇచ్చినాము.

2021 ఆషాఢములో లారీ వచ్చినది. వ్రాసినన్ని రాలేదు గాని, వచ్చినవి నిలువెత్తువే. సంచి విప్పితే ఒండ్రుమట్టి ఉంటుందనుకొన్నాము. సగానికి పైగా కొబ్బరి పొట్టే. లారీలో బరువు తగ్గుతుందని ఇప్పుడు కడియమువారు కూడ అదే వాడుతున్నారు. ఓడకు పోయే సరుకుతో పోటీ పడి కొనవలసి వస్తున్నదని, ధర నిలకడగా ఉండదని లారీతో వచ్చిన కుర్రవాడు చెప్పినాడు. వినాయక గుడి వరుసకు, పాఠశాల ప్రహరీకి, ఇన్‌స్టిట్యూటు మైదానము తూర్పు వైపుకు ఆ మొక్కలు సరిపోయినవి. మిగిలిన వీధులకు ఈ ఏడు మరల ఇండెంటు వ్రాసినాము. వేప, కానుగ కలిపి అడిగినాము. రెండేండ్లకు వస్తవి.